ఓడ ప్రయాణికుడికి విశాఖ తీరం: తిండి, కల్లు, కాఫీ

విహారనౌకలో వచ్చి ఒక రేవులో కొన్ని గంటలు దిగడం, ఆ చుట్టుపక్కల పండేది, వలకు పడేది, సీసాలోకెక్కేది రుచి చూసి పొద్దు వాలేలోగా మళ్ళీ ఓడ ఎక్కడం ఐరోపాలో ఎప్పుడో స్థిరపడ్డ యాత్రా పద్ధతి. ఇటలీలో లివోర్నో రేవులో దిగినవాళ్ళు కియాంటి ద్రాక్షతోటలకు వెళ్తారు. పోర్చుగల్‌లో పోర్టో నగరం చూడవచ్చినవాళ్ళు డోరో నది వంతెన దాటి గాయాలోని వైన్ కొట్లలో కూర్చుంటారు. ఫ్రాన్సులో గరోన్ నది మీదుగా ఓడ ఏకంగా బోర్డో నగరం నడిబొడ్డుకే వస్తుంది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నుంచి స్టెలెన్‌బాష్ తోటలు 50 కిలోమీటర్లే. తెలుగు నేల మీద ఈ పద్ధతికి దగ్గరగా వచ్చేది విశాఖపట్నం. ఇక్కడ ద్రాక్షతోటలు లేవు. తాటిచెట్టు, ఈతచెట్టు, కొండల్లో జీలుగుచెట్టు ఉన్నాయి. వాటి కిందుగా బంగాళాఖాతం చేప, పైన తూర్పు కనుమల కాఫీ.

ఐరోపా పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా నిలవలో ఉంది. వైన్ ఏళ్ళ తరబడి ఆగుతుంది. ప్రయాణికుడు తోటకు పోలేకపోయినా సీసా రేవు దాకా, చివరికి ఓడలోని భోజనశాల దాకా వస్తుంది. కల్లు పూట దాటితే పులుస్తుంది, రోజు దాటితే పనికిరాదు. చేప సంగతీ అంతే. కాబట్టి ఈ తీరం రుచి కోసం మనిషే చెట్టు కిందికి, పడవ దగ్గరికి వెళ్ళాలి, అదీ వేళకు వెళ్ళాలి. ఓడ ఏ నెలలో వస్తుంది, ఏ గంటకు గట్టు తగులుతుంది అన్నదాన్ని బట్టే అతనికి ఏం దక్కుతుందో తేలుతుంది. ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

రేవు, ఓడలు

విశాఖ రేవులోకి మొదటి ఓడ, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి చెందిన ‘జలదుర్గ’, 1933 అక్టోబరు 7న ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. అంతకు ముందు నుంచే తెలుగువాళ్ళకు సముద్ర ప్రయాణం కొత్త కాదు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఆవిరి ఓడలు వేల మంది కూలీలను రంగూన్ చేర్చేవి. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అన్నారు. 1942లో జపాను దాడితో ఆ రాకపోకలు తెగిపోయాయి. స్వాతంత్ర్యం తర్వాత విశాఖలో ప్రయాణికుల ఓడంటే పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే ఓడే. దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం అది. ఉద్యోగానికో బంధువుల దగ్గరికో వెళ్ళేవాళ్ళే అందులో ఎక్కువ. తిని తిరగడం కోసం ఓడ ఎక్కడం ఈ తీరానికి నిన్నమొన్నటి సంగతి.

2022 జూన్ 8న కోర్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ విశాఖ వచ్చింది. 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజేర్‌లో కట్టిన ఓడ అది. 210 మీటర్ల పొడవు. ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో పుట్టి, ముప్ఫై ఏళ్ళు వేరే సముద్రాలలో తిరిగి మనవైపు వచ్చింది. విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై చుట్టి తిరిగి విశాఖ చేర్చే యాత్రలకు టిక్కెట్లు అమ్మారు. ఓడలో జూదశాల ఉందన్న అభ్యంతరంతో పుదుచ్చేరిలో ఆ ఏడు దిగనివ్వలేదు. 2025 వానాకాలంలో మళ్ళీ అదే దారిలో యాత్రలు నడిచాయి, ఈసారి పుదుచ్చేరిలో దిగడం కూడా కుదిరింది.

ఈలోగా విశాఖ ఔటర్ హార్బర్‌లో సుమారు 96 కోట్ల రూపాయల ఖర్చుతో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబరు 4న కేంద్ర నౌకాయాన మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. రెండు వేల మంది ప్రయాణికులున్న ఓడను కూడా నిలుపుకోగల గట్టు అది. 2024 ఏప్రిల్ నెలాఖరులో ‘ద వరల్డ్’ అనే ఓడ వచ్చి ఆగింది. అందులోవాళ్ళకు గదులు సొంతం, ఓడే ఇల్లు.

పుదుచ్చేరి పేరు వచ్చింది కనుక ఒక మాట. ఆ ఊరి పక్కనే ఉన్న అరికమేడులో 1945లో పురావస్తువేత్త మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు మధ్యధరా తీరపు వైన్ జాడీల పెంకులు బయటపడ్డాయి. గ్రీకు ద్వీపం కోస్ నుంచి వచ్చిన రకం జాడీలు కూడా వాటిలో ఉన్నాయి. విశాఖ పక్కన తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలలో రోమను నాణేలు దొరికాయి. ఇప్పుడు విహారనౌక తిరిగే ఈ తీరానికే రెండు వేల ఏళ్ళ కిందట వైన్ ఓడల్లో వచ్చి దిగింది. ఇక్కడి కల్లు మాత్రం అటు పోయినట్టు జాడ లేదు, పోయే వస్తువూ కాదు.

ఎక్కేవాళ్ళు, ఆగేవాళ్ళు

సికింద్రాబాదు బోయిగూడలో ఉండేవారికి విశాఖ మధ్యలో తగిలే రేవు కాదు, ఓడ ఎక్కే రేవు. విదేశీ యాత్రికుడికీ బోయిగూడ మనిషికీ ఇది పెద్ద తేడా. విదేశీయుడికి దొరికేది ఎనిమిది, పది గంటలు. అందులోనూ ఓడ కదలడానికి అరగంట, గంట ముందే పైకి చేరాలి. ఓడవారే ఏర్పాటు చేసిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా ఆటో మాట్లాడుకుని పోయినవాడి కోసం ఆగదు. బోయిగూడ మనిషికి ఆ బెంగ లేదు. యాత్రకు ముందొక రోజు, వెనకొక రోజు కలుపుకుంటే తీరమంతా అతనిదే.

దారి కూడా ఇంటి ముందు నుంచే మొదలవుతుంది. సికింద్రాబాదు స్టేషను పదో నంబరు ప్లాట్‌ఫారం బోయిగూడ వైపే తెరుచుకుంటుంది. విశాఖకు రైలుదారి 700 కిలోమీటర్లు. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దింపుతుంది. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందేభారత్‌కు ఎనిమిదిన్నర గంటలు చాలు. వేగం సంగతి పక్కనపెట్టి, తిండి కోసం వెళ్ళేవారికి రాత్రి బండే మంచిది. తెల్లవారుజామున దిగితే చేపల రేవు కళకళలాడుతూ ఉంటుంది. నడిరాత్రి దిగినవారికి దొరికేది హోటలు గది.

చేపల రేవు

విశాఖ ఫిషింగ్ హార్బర్ క్రూయిజ్ గట్టుకు దూరమేమీ కాదు. రెండూ ఔటర్ హార్బర్ వైపువే. అయినా ఓడల మీద వచ్చేవారికి అమ్మే యాత్రల్లో బీచి, కైలాసగిరి, సింహాచలం, జలాంతర్గామి మ్యూజియం ఉన్నంతగా చేపల రేవు కనబడదు. ఇది సరికాదు. ఈ తీరంలో ఒక్క చోటే చూడగలిగిన మనిషికి చూపాల్సింది దీన్నే.

వెళ్ళాల్సింది పొద్దు పొడవకముందు. మరబోట్లు రోజుల తరబడి వేటలో ఉండి వస్తాయి, వాటి అడుగున ఐసులో పడుకున్న సరుకు ఉంటుంది. చిన్న ఫైబరు పడవలు రాత్రి పోయి తెల్లవారికి తిరిగొస్తాయి. రుచి తెలిసిన స్థానికులు చూసేది ఆ చిన్న పడవల కోసం. చేపను గట్టు మీద కుప్పలుగా పోస్తారు. వేలం పాట పాడేవాడు కుప్ప చుట్టూ తిరుగుతుంటే గంపలు చంకన పెట్టుకున్న ఆడవాళ్ళు వేళ్ళు చూపించి, తలలు ఊపి ధర తేలుస్తారు. కొన్న కుప్పను అక్కడే రకాల వారీగా విడదీసి, ఐసు పొడి చల్లి, గంపకెత్తి ఆటోలలో పేటలకు పోతారు. వాడబలిజలు, జాలారులు తరతరాలుగా చేస్తున్న పని ఇది. వేట మగవాళ్ళది, బేరం ఆడవాళ్ళది. కొనదలచుకున్నవారు చేప మొప్ప ఎత్తి చూడాలి. ఎర్రగా తడిగా ఉంటే సరే, గోధుమరంగు తిరిగితే వదిలెయ్యాలి.

వంజరం, చందువా హోటళ్ళకు పోతాయి. ఇంటి వంటలో కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళకే మక్కువ ఎక్కువ. ఉత్తరాంధ్ర పులుసులో చింతపండు, కారం, మెంతి పొడి, పచ్చిమిర్చి తప్ప పెద్ద హంగేమీ ఉండదు. కొబ్బరిపాలు, మసాలాలు కుమ్మరించిన హోటలు పులుసు చూసి ఇదే తీరపు వంట అనుకోకూడదు. గరిట పెట్టి కలపరు. గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టి తిప్పుతారు, ముక్క చితకకుండా. రాత్రి వండి పొద్దున చల్లన్నంతో తింటే పులుపు ముక్కలోకి దిగి ఉంటుంది. వేసవిలోనైతే చింతచిగురుతో ఎండు రొయ్యలు, మామిడికాయతో ఎండు చేప. ఈ రెండూ సముద్రంలోకి పోలేని రోజుల కూరలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ కట్టడి. ఆ రెండు నెలల్లో వచ్చే ఓడవారికి రేవులో బారులు తీరిన బోట్లే తప్ప పాట కనబడదు. నిషేధం ఎత్తిన తర్వాత బోట్లు తిరిగొచ్చే వారాలు విశాఖలో చేప తినడానికి ఏడాదిలో మేలైన రోజులు.

తాటిచెట్టు ఏడాది

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో, అవతల విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పొలం గట్ల మీద, ఇసుక దిబ్బల అంచున తాటిచెట్లు నిలబడి ఉంటాయి. ఫ్రాన్సుకు ద్రాక్షతీగ ఎలాగో ఈ తీరానికి తాడు అలాగ. అయితే తాడు ఏడాది పొడవునా ఏదో ఒకటి ఇస్తుంది. ఓడ ఏ నెలలో వచ్చినా దిగినవాడికి చెట్టు కింద పని ఉంటుంది.

చలి తగ్గే రోజుల నుంచి ఎండలు ముదిరేదాకా తాటికల్లు కాలం. గీత కార్మికుడు నడుముకు మోకు, ముస్తాదు కట్టుకుని ఎక్కుతాడు. గెలను కట్టి, అదిమి, మెత్తబడ్డాక కొసను పలచగా చెక్కుతాడు. రోజూ పొద్దునా సాయంత్రమూ ఎక్కి గోరంత మందాన మళ్ళీ చెక్కాలి. మానితే గాయం ఆరిపోయి చెట్టు ఆగిపోతుంది. చుక్క చుక్క కారేది ముంతలోకి చేరుతుంది. పాత ముంత గోడలకు అంటుకుని ఉన్న ఈస్టే పులియబెట్టే పని మొదలుపెడుతుంది. అందుకే రాత్రంతా నిండి తెల్లవారుజామున దించిన ముంతలోది తీయగా, తెల్లగా, నురగతో ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులుపు తిరిగి, బీరు పాటి నిషాకు వస్తుంది. మర్నాటికి వెనిగరు దారి పడుతుంది. ముంతకు లోపల సున్నం పూసి, చల్లగా దించితే పులియదు. అది నీరా.

విహారనౌక ప్రయాణికుడు కల్లు తాగాలనుకుంటే గుర్తుంచుకోవాల్సింది ఈ గంటలే. తొమ్మిదింటికి ఓడ మీద టిఫిను ముగించుకుని దిగినవాడికి మంచి కల్లు దొరకడం కష్టం. ఆరింటికి చెట్టు కింద ఉండాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కల్లు అమ్మకం గీత కార్మికుల సహకార సంఘాలకు, లైసెన్సు పొందిన గీతగాళ్ళకే. చెట్టు మీద నుంచి కళ్ళెదుట దించినది తాగడం వేరు, పట్నంలో ఎవరో తెచ్చి పోసినది తాగడం వేరు. మత్తుమందులు కలిపిన కల్లు తాగి ప్రాణాలు పోయిన ఉదంతాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తాజా కల్లును మూత బిగించిన సీసాలో పెట్టి ఓడలోకి తేవడం కూడా కూడదు. లోపల పులుస్తూనే ఉంటుంది కాబట్టి గాలి ఒత్తిడికి సీసా పగులుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ముంజలు. ఆడచెట్టుకే కాస్తాయి. పోతుతాడుకు గెలలే తప్ప కాయ ఉండదు. కాయకు సాధారణంగా మూడు కళ్ళు. లేతది బొటనవేలు గుచ్చితే నీరు చిమ్మేలా ఉండాలి, ముదిరితే నమలాలి. వేట నిషేధం రోజుల్లో వచ్చినవారికి చేప తప్పినా ముంజ తప్పదు. శ్రావణ భాద్రపదాల్లో తాటిపండు. దాన్ని నిప్పుల మీద కాల్చి, పీచు నుంచి గుజ్జు పిండి, బియ్యపు రవ్వ, బెల్లం కలిపి రొట్టె వేస్తారు. తిన్న టెంకలను పారెయ్యకుండా ఇసుకలో పాతిపెడతారు. మార్గశిరం దాటేసరికి అవి మొలిచి తేగలవుతాయి. కుండలో ఉడకబెట్టిన తేగ చీల్చుకుని, మధ్య నార తీసేసి, మిరియాల పొడి ఉప్పు అద్దుకుని తినడం సంక్రాంతి రోజుల తిండి. టెంక పగలగొడితే లోపల తెల్లగా మెత్తగా ఉండేది బుర్రగుంజు, పిల్లలు పోట్లాడుకునేది దానికోసమే. చలికాలంలో ఈతకల్లు కూడా. తాటికల్లు కంటే అది తీపి. ఏజెన్సీలో జీలుగుకల్లు తాగినవారికి మిగతావి ఆనవు. ఒక్క చెట్టుకే ముంతల కొద్దీ కారే జీలుగు ఆదివాసుల ఇంటి ఆస్తి.

విదేశీ ఓడలు ఇటు తిరిగేది ఎక్కువగా చలికాలం నుంచి వేసవి తొలి రోజుల దాకా. అప్పుడు కల్లు, తేగలు, కాఫీ కోత, అన్నీ ఉంటాయి. కోర్డీలియా వంటి స్వదేశీ ఓడ వచ్చేది జూన్ తర్వాత. నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉండే నెలల్లో ముంబయి వైపు వదిలి తూర్పు తీరానికి వస్తుంది. అంటే మనవాళ్ళు ఓడ ఎక్కే కాలంలో తాటికల్లు ముగిసి, చేప మొదలవుతుంది. కల్లు కోసమే వెళ్ళదలచినవారు ఓడ టిక్కెట్టుతో ముడిపెట్టుకోకుండా ఫిబ్రవరిలో రైలెక్కడమే మేలు.

అరకు

ఓడవారు అమ్మే యాత్రల్లో అందరి చూపూ అరకు మీదే. విశాఖ నుంచి 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డులో పోను మూడు గంటల పైన, రాను అంతే. పొద్దున బయలుదేరే కిరండూల్ బండికి నాలుగు గంటలు. 2017 ఏప్రిల్‌లో దానికి అద్దాల పెట్టె తగిలించారు. సొరంగాలూ లోయలూ దాటే ఆ దారి అందం గురించి చెప్పనక్కరలేదు. కానీ ఎనిమిది గంటల మజిలీలో ఏడు గంటలు బస్సులో గడిపి, గంటలో ఓ కప్పు కాఫీ తాగి రావడం తిండి యాత్ర అనిపించుకోదు. అరకుకు ఒక రాత్రి కావాలి. ఆ రాత్రి బోయిగూడ ప్రయాణికుడికి ఉంటుంది, ఓడలో వచ్చినవాడికి ఉండదు.

అక్కడి అరబికా కాఫీ సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల నడుమ, ఆదివాసీ కుటుంబాల చిన్న చిన్న తోటల్లో పండుతుంది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, నాంది ఫౌండేషన్ చొరవతో మొదలైన అరకు కాఫీ పారిస్‌లో సొంత దుకాణం తెరిచింది. కోత నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా. ఎర్రబడ్డ పళ్ళనే ఒక్కొక్కటిగా కోస్తారు, ఒకే కొమ్మకు మళ్ళీ మళ్ళీ రావాలి. ఆ నెలల్లో వెళ్తే ఇళ్ళ ముందు గింజలు ఆరబోసి కనిపిస్తాయి.

బొంగులో చికెన్ అరకు దారి పొడవునా దొరుకుతుంది. పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, అల్లం పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతారు. చుక్క నూనె పడదు. ముక్క తన నీటిలోనూ వెదురు తేమలోనూ ఉడుకుతుంది. బొంగు పచ్చిదై ఉండాలి, పైన నల్లబడ్డా లోపల మాడకూడదు. ఎండిన బొంగు వాడితే పొగ వాసనే మిగులుతుంది. పూట గడవడానికి చోడి అంబలి తాగే ఇళ్ళ వంట ఇది.

అరకు పోలేనివారికి విశాఖలోనే గిరిజన సహకార సంస్థ దుకాణాలున్నాయి. 1956లో ఏర్పడి విశాఖ కేంద్రంగానే నడుస్తున్న ఈ సంస్థ కాఫీ, తేనె, చింతపండు, మిరియాలు అడవి బిడ్డల దగ్గర కొని అమ్ముతుంది. గట్టు నుంచి ఆటోలో వెళ్ళి గంటలో తిరిగి రావచ్చు. తక్కువ సమయమున్న ప్రయాణికుడికి ఇదే తెలివైన దారి.

గోదావరి మజిలీ

రైలులో పోయేవారికి మాత్రమే దక్కే మజిలీ రాజమండ్రి. జూలై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీరు సముద్రంలో కలిసే రోజుల్లో, గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చే చేప పులస. సముద్రంలో పట్టినది విలస, దానికి ఆ రుచి రాదు. వండే తీరు తీరికగా ఉంటుంది. మట్టిదాకలో సన్నని సెగ మీద గంటల తరబడి, బెండకాయలు వేసి, దించబోయే ముందు వెన్న, ఆవకాయ తేట నూనె పోసి. వేల రూపాయలు పలికే చేప గనుక తెలిసినవారి ద్వారా కొనాలి. పులస పేరుతో వేరే చోటి చేప అంటగట్టడం మామూలే.

పాపికొండల పడవ ప్రయాణం తెలుగువారి సొంత విహారయాత్ర. విహారనౌక కన్నా ఎంతో ముందు నుంచి ఉన్నది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పడవ మునిగి పదుల ప్రాణాలు పోయాయి. తర్వాత యాత్రలు ఆపి, కట్టుదిట్టాలు పెట్టి, 2021లో తిరిగి మొదలుపెట్టారు. లైఫ్‌జాకెట్టు తొడుక్కోమంటే ఉక్కగా ఉందని విప్పేయకూడదు. నది పోటు మీద ఉన్న రోజున పడవ నడపమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. పులస కాలమూ వరద కాలమూ ఒకటేనన్నది గుర్తుంచుకోవాలి.

ఓడలోకి ఏవి తేవచ్చు

చాలా ఓడల్లో బయటి మద్యాన్ని గేటు దగ్గరే తీసి ఉంచి యాత్ర చివర్లో ఇస్తారు. వండిన తిండి, పచ్చి చేప, పండ్లు లోపలికి రానివ్వరు. సీలు వేసిన మిఠాయికి, కాఫీపొడికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. కాబట్టి ఈ తీరం నుంచి ఓడలోకి పోదగినవి ముఖ్యంగా మూడు. ఒకటి అరకు కాఫీ. రెండోది మాడుగుల హల్వా. గోధుమలను రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను ఒక రోజు పులవనిచ్చి, పంచదార, నెయ్యితో కట్టెల పొయ్యి మీద చిక్కబడేదాకా కలిపి చేసేది. ఫ్రిజ్ లేకుండానే చాలా రోజులు నిలుస్తుంది. మూడోది ఆత్రేయపురం పూతరేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందాయి. బోర్లించిన కుండ మీద పలచని బియ్యప్పిండి నీళ్ళు గుడ్డతో ఒక్క విసురున పూసి తీసిన రేకులు కాబట్టి పెట్టెలో అడుగున పెడితే పొడైపోతాయి.

తీరం దాకా పోలేనివారి కోసం తెలంగాణ ప్రభుత్వం 2023 మేలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. బోయిగూడ నుంచి అది కొద్ది దూరమే. పులియకుండా చల్లబరచి తెచ్చిన నీరా అక్కడ గ్లాసుల్లో పోస్తారు. కల్లులోని నురగ, పులుపు అందులో ఉండవు. చెట్టు నుంచి దించిన రసం తీపి ఎంతో తెలుసుకోవడానికి అది చాలు.